పదడుగుల గదిలో బేస్ గిటార్ రికార్డింగ్: ‘ఎ’ తీగ గుమ్మని మోగుతోంది, ‘ఇ’ తీగ వినిపించడమే లేదు

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఉంటున్నాను. మా మేడ మీద పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిని రెండేళ్లుగా రికార్డింగుకు వాడుకుంటున్నాను. మా సంఘంలో పాడే క్రిస్మస్ పాటలు, మిత్రులు రాసుకున్న కొన్ని లలిత గీతాలు తప్ప బయటి పనులేవీ ఇంకా ఒప్పుకోలేదు. గొంతు, కీబోర్డు, డోలక్ విషయంలో నాకు తృప్తిగానే ఉంది. బేస్ గిటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి పాటా ఆగిపోతోంది.

నాది నాలుగు తీగల పాసివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ లేనిది. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు రెండున్నాయి: మెడ వైపు రెండు ముక్కలుగా ఉండే స్ప్లిట్ పికప్, తీగల చివర ఆనే బ్రిడ్జ్ వైపు సింగిల్ కాయిల్ పికప్. దానిని ఆంప్ (యాంప్లిఫయర్) లేకుండా, ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే రెండు ఇన్‌పుట్‌ల చిన్న ఇంటర్‌ఫేస్‌కు నేరుగా కలిపి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తాను. వినడానికి నాలుగు అంగుళాల మానిటర్ స్పీకర్లు ఉన్నాయి. అవి ఒక గోడకు ఆనించిన బల్ల మీద ఉంటాయి, నేను ఎదుటి గోడ పక్కన ఉన్న మంచం మీద కూర్చుని వింటాను.

సమస్య ఏమిటంటే, ‘ఎ’ తీగను ఖాళీగా (ఎక్కడా నొక్కకుండా) మీటితే గది అంతా గుమ్మని నిండిపోతుంది. దాని పక్కనే ఉన్న, అన్నిటికంటే మందమైన ‘ఇ’ తీగ మీద కింది స్వరాలు వాయిస్తే దాదాపు ఏమీ వినిపించదు. ఆ గుమ్మడాన్ని తగ్గించడానికి ఈక్యూలో (కింది, పై ధ్వనులను విడివిడిగా పెంచి తగ్గించే సాధనం) 55 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్స్ కోశాను. అప్పుడు నా గదిలో బాగానే ఉంది గానీ, అదే పాటను మిత్రుడి కారులో వింటే ‘ఎ’ వచ్చిన చోటల్లా బేస్ కూలబడిపోయినట్లు వినిపించింది. ఫోనులో వింటే అసలు బేస్ వాయించినట్లే లేదు. దీనికి తోడు సాయంత్రాలు రికార్డు చేసినప్పుడు వెనుక నుంచి సన్నగా ఒక హమ్ (గుయ్యిమనే రొద) వస్తోంది. తీగలు వేసి పద్నాలుగు నెలలయింది.

వాద్య పరికరాల దుకాణంలో అడిగితే, నేరుగా ఇంటర్‌ఫేస్‌లో పెడితే టోన్ రాదని, బేస్ ఆంప్‌నూ దాని ముందు పెట్టే మైకునూ కొనమని, అంత వీలు కాకపోతే ప్రీఆంప్ పెడల్ అయినా తీసుకోమని చెప్పారు. కూడబెట్టినది ఇరవై వేలు ఉంది. ఈ రెండింటిలో ఏది కొంటే నా బేస్ బాగుపడుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (ఒంగోలు నుంచి)

నమస్కారమండీ. రెండింటిలో ఏదీ ఇప్పుడే కొనవద్దు. మీరు రాసిన దానిలో ఒక వాక్యం అసలు సంగతిని బయటపెడుతోంది: మీ గదిలో బాగున్నది కారులో కూలబడింది. అంటే రికార్డయిన ధ్వనిలో లేని లోపాన్ని మీరు ఈక్యూతో సరిదిద్దారు. లోపం గదిలో ఉంది, కోత పాటలో పడింది.

దీనిని మీరే రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ముందుగా ‘ఎ’ తీగను ఖాళీగా మీటి వినండి, తరువాత ‘ఇ’ తీగ మీద ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర నొక్కి అదే స్వరాన్ని వాయించండి. రెండూ 55 హెర్ట్జే. రెండు చోట్లా ఒకే విధంగా గుమ్మంటే తప్పు తీగది కాదు. ఆ తరువాత స్పీకర్లు ఆపేసి, ‘ఇ’ తీగ స్వరాలనూ ‘ఎ’ తీగ స్వరాలనూ ఒకే బలంతో వాయిస్తూ రీపర్‌లోని మీటరును గమనించండి. మీటరు దాదాపు ఒకే ఎత్తున కదులుతుంటే, మీ బేసూ, మీ ఇంటర్‌ఫేసూ తమ పని సరిగానే చేస్తున్నాయని అర్థం.

ఇక గది ఏం చేస్తుందో చెబుతాను. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య, వాటి దూరానికి రెట్టింపు పొడవున్న ధ్వని తరంగం నిలిచిపోయి మోగుతుంది. పదడుగులంటే 3.05 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు అనుకుంటే, ఆ తరంగం 56, 57 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మీ ‘ఎ’ 55. దాని పక్కనున్న ‘ఎ షార్ప్’ 58. రెండూ ఆ ఉచ్చులోనే ఉన్నాయి. మీ గది పొడవూ వెడల్పూ సమానం కావడంతో ఈ మోత రెండు దిక్కులా ఒకే చోట వచ్చి పడుతోంది. మీ శ్లాబు కూడా పదడుగుల ఎత్తులోనే ఉంటే మూడో దిక్కు కూడా దానికి తోడవుతుంది. మన వైపు ఇళ్లలో పది బై పది గదులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అన్ని గదులలోనూ ఈ ‘ఎ’ ఇలాగే బాధపెడుతుంది. నేను ఒంగోలులో మొదట అద్దెకు తీసుకున్న గది కూడా అదే కొలత. నాలుగు నెలల పాటు బేస్‌ను మార్చాలా, పికప్‌లను మార్చాలా అని తిరిగాను.

ఈ నిలిచిన తరంగం ఒత్తిడి గోడల దగ్గర అత్యధికంగా, గది నడిమధ్యలో అత్యల్పంగా ఉంటుంది. మీ స్పీకర్లు ఒక గోడకు ఆని ఉన్నాయి, మీ తల ఎదుటి గోడకు ఆని ఉంది. ఆ స్వరం అతిగా పుట్టే చోట దానిని పుట్టించి, అతిగా వినిపించే చోట కూర్చుని వింటున్నారన్న మాట. ఫోనులో ఏదైనా టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, ఫోనును ఆ స్పీకర్లకే కలిపి 56 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని (ఒకే స్థాయి శుద్ధ ధ్వనిని) మోగించి, మంచం దగ్గర నుంచి బల్ల వైపు నెమ్మదిగా నడవండి. గది మధ్యకు వచ్చేసరికి మోత సన్నగిల్లి, బల్ల దాటి గోడను సమీపిస్తుంటే మళ్లీ పైకి లేవడం మీకే వినిపిస్తుంది. ఒకసారి అలా నడిచి విన్నాక, మంచం మీద కూర్చుని విన్న దానిని బట్టి ఈక్యూ కోయాలని ఇక మీకు అనిపించదు.

‘ఇ’ వినిపించకపోవడానికి కారణాలు వేరు. అది 41 హెర్ట్జ్. మీ గదిలో నిలిచే మొదటి తరంగం కంటే కిందిది కాబట్టి దానికి గది నుంచి ఏ ఆసరా దొరకదు. పైగా నాలుగు అంగుళాల స్పీకరు అంత కింది ధ్వనిని చెప్పుకోదగ్గ బలంతో ఇవ్వలేదు. కనుక మీరు వింటున్న ‘ఇ’ దాని పై హార్మోనిక్స్ (అడుగు స్వరానికి రెట్టింపు, మూడింతలు, ఇలా పైన పలికే ధ్వనులు) మాత్రమే. వాటి బలం తీగ వయస్సు మీద ఆధారపడి ఉంటుంది. ఆ విషయం ఇంకెవరైనా చెబుతారు.

కాబట్టి మంచం మీద కూర్చుని వినడం మానండి. బల్లను గోడ నుంచి కొద్దిగా జరిపి, మీ చెవులు ముందు గోడకు సుమారు నాలుగు అడుగుల దూరంలో, అటూ ఇటూ పక్క గోడలకు సమదూరంలో ఉండేలా కుర్చీ వేసుకోండి. సరిగ్గా ఐదడుగుల దగ్గర కూర్చోవద్దు, అక్కడ ‘ఎ’ దాదాపు మాయమవుతుంది. గోడలకు గుడ్ల అట్టలు గానీ అంగుళం మందం నురుగు పలకలు గానీ అతికించి డబ్బు పోగొట్టుకోవద్దు. 55 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే మీటరున్నరకు పైగా ఉంటుంది, దానికి ఆ పలుచని పొర అడ్డే కాదు. చప్పట్లు కొడితే వచ్చే ప్రతిధ్వనిని పలకలు తగ్గిస్తాయి, ఆ అట్టలు అదీ సరిగా చేయవు. మూలలలో నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం రాక్‌వూల్‌ను (రాతి ఉన్ని) గుడ్డ చుట్టి, గోడకు కొంత ఎడంగా నిలబెడితే కొంత ఫలితం ఉంటుంది, అయినా మొత్తం తీరదు. ఇరవై వేలలో ముందుగా చెవులను పూర్తిగా మూసే ఒక మంచి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొని, బేస్‌కు సంబంధించిన నిర్ణయాలను దానిలో విని తీసుకోండి. గది దానిలోకి రాలేదు.

ఆంప్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఇదే గదిలో ఆంప్ పెట్టి దాని ముందు మైకు నిలబెడితే, ఇప్పటి వరకు మీ చెవికి మాత్రమే పరిమితమైన ఈ మోత రికార్డింగులోకే ఎక్కుతుంది. అప్పుడు దానిని ఎవరూ తీయలేరు.

సమాధానం 2 (నెల్లూరు నుంచి)

ఒంగోలు మిత్రులు గది గురించి చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, నేను తీగ నుంచి ఇంటర్‌ఫేస్ దాకా ఉన్న దారి గురించీ, ఫోనులో వినిపించకపోవడం గురించీ రాస్తాను. నేను నెల్లూరులో ఒక చిన్న గదిలో పదేళ్లుగా రికార్డింగ్ పని చేస్తున్నాను. ఇప్పటి వరకు ఒక్క పాటకు కూడా బేస్ ఆంప్ ముందు మైకు పెట్టలేదు.

నేరుగా తీస్తే టోన్ రాదన్న మాట సరి కాదు. 1960లలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్‌ను సాధారణంగా నేరుగా కన్సోల్‌లోకే తీసుకునేవారు. ఆయన ఎక్కువగా వాడినది ఫెండర్ ప్రెసిషన్ బేస్. దాని మీద ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు, బ్రిడ్జ్ దగ్గర తీగలకు ఆనించిన నురుగు ముక్క, కుడి చేతి చూపుడు వేలు ఒక్కటే. అంత ప్రసిద్ధమైన ధ్వని వెనుక ఉన్న సరంజామా అది. ఆయన చేయి మనకు రాదు గానీ, ఆ దారి అందరికీ అందుబాటులో ఉన్నదే.

మొదట చూడవలసినది ఇన్‌పుట్. ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనో ‘హై జెడ్’ అనో రాసి ఉన్న మీట నొక్కి ఉందా? ఆ స్థితిలో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (విద్యుత్ సంకేతానికి ఎదురయ్యే అడ్డు) సుమారు పది లక్షల ఓములు ఉంటుంది, లైన్ స్థితిలో సాధారణంగా పది వేల ఓముల దగ్గర ఉంటుంది. పాసివ్ పికప్‌ను లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే అంత భారాన్ని అది మోయలేక పై ధ్వనులను పోగొట్టుకుంటుంది, బేస్ దుప్పటి కప్పుకుని వాయించినట్లు వినిపిస్తుంది. బేస్ మీది వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా తెరిచి, గట్టిగా వాయించిన స్వరం కూడా మీటరులో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (ఇన్‌పుట్ స్థాయి) పెట్టండి. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు అంతకంటే పైకి నెట్టవలసిన అవసరం ఏమీ లేదు.

పద్నాలుగు నెలల తీగలు, అదీ కావలిలో! సముద్రపు గాలి, చెమట కలిసి తీగ చుట్ల మధ్యకు చేరితే, పై హార్మోనిక్స్ ముందుగా చచ్చిపోతాయి. అడుగు స్వరం మిగులుతుంది, కానీ ఆ అడుగు స్వరాన్ని మీ స్పీకర్లు వినిపించలేవని పైన చెప్పారు కదా. ‘ఇ’ తీగ కనిపించకుండా పోవడంలో సగం పాపం దీనిదే. కొత్త రౌండ్‌వౌండ్ (పైచుట్టు గరుకుగా ఉండే) తీగలు వేయండి. వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగ కింద నుంచి కూడా తుడవండి. పాత తీగలను నీళ్లలో మరిగిస్తే జిడ్డు వదిలి మెరుపు తిరిగి వస్తుంది, అది నిజమే, కానీ ఆ మెరుపు ఎక్కువ రోజులు నిలవదు. డబ్బు చాలని నెలలో ఒక పాట కోసం నేనూ మరిగించాను. ఇరవై వేలు చేతిలో ఉన్న మీకు ఆ అవసరం లేదు. తీగలు మార్చాక పన్నెండో ఫ్రెట్ మీది హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్ నొక్కి వాయించిన స్వరాన్నీ ట్యూనరులో పోల్చి, తేడా ఉంటే బ్రిడ్జ్ మీది స్క్రూతో సరిచేయండి. నొక్కిన స్వరం ఎక్కువగా చూపిస్తే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కను) వెనక్కు, తక్కువగా చూపిస్తే ముందుకు జరపాలి.

ఆ తరువాత వేళ్లు. ప్లగిన్లన్నీ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు కలిపే చిన్న ప్రోగ్రాములు) కలిసి తేలేని మార్పు, కుడి చేతిని మూడు అంగుళాలు జరపడంలో వస్తుంది. మెడ దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా, బ్రిడ్జ్ దగ్గర మీటితే బిగువుగా, స్పష్టంగా ఉంటుంది. నెమ్మది పాటకు నేను స్ప్లిట్ పికప్ మీదుగా, డోలక్ నడక వేగంగా ఉన్న పాటకు రెండు పికప్‌ల మధ్య మీటుతాను. వాయించని తీగలను బొటనవేలితోనూ, ఎడమ చేతి వేళ్లతోనూ ఆపి ఉంచడం ఇంకా ముఖ్యం. ‘ఇ’ తీగ మీద వాయిస్తుంటే ‘ఎ’ తీగ తనంతట తాను కంపిస్తూ ఉంటుంది. మీ గదిలో అది వినిపించిందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఫోను. ఫోను స్పీకరు కొన్ని వందల హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వనిని దాదాపు ఇవ్వదు. అయినా మంచి పాటల్లో బేస్ ఫోనులోనూ తెలుస్తుంది. కారణం మన చెవి గుణం. 41 హెర్ట్జ్ స్వరానికి 82, 123, 165, 206 ఇలా పైపైన హార్మోనిక్స్ ఉంటాయి. అడుగుది లేకపోయినా పైవి సరైన వరుసలో వినిపిస్తే, మెదడు ఆ అడుగు స్వరాన్ని తానే పూరించుకుంటుంది. అందుచేత మనం చేయవలసింది అడుగును పెంచడం కాదు, పై హార్మోనిక్స్‌ను పుట్టించడం.

నేను చేసే పద్ధతి ఇది. రికార్డు చేసిన బేస్ ట్రాక్‌కు ఒక నకలు తీస్తాను. మొదటి దానిని శుభ్రంగా ఉంచి, గట్టి స్వరాలను తగ్గించి సమం చేసే కంప్రెసర్ వేస్తాను: నాలుగుకు ఒకటి నిష్పత్తి, అటాక్ (అది పని మొదలుపెట్టేందుకు పట్టే సమయం) 25 నుంచి 30 మిల్లీసెకన్లు, గట్టి స్వరాల దగ్గర ఐదారు డెసిబెల్స్ తగ్గేలా. అటాక్ మరీ తక్కువ పెడితే వేలు తీగను తాకిన ఆ మొదటి తునక నలిగిపోతుంది, స్వరం ఎక్కడ మొదలైందో తెలియదు. రెండో దానిలో 200 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా తీసేసి, డిస్టార్షన్ (ధ్వనిని కావాలని బరకగా మార్చే ఎఫెక్ట్) వేస్తాను. దీనికి ఉచితంగా దొరికే టీఎస్‌ఈ బీఓడీ, సాఫ్ట్‌ట్యూబ్ సాచురేషన్ నాబ్ అనే ప్లగిన్లు చాలు. ఆ రెండో ట్రాక్‌ను ఒంటరిగా వింటే రంపంతో కోసినట్లు వికారంగా ఉంటుంది, భయపడవద్దు. మొదటి దాని కింద నెమ్మదిగా పెంచుతూ పోయి, పాట మొత్తంలో అది ఉన్నదని తెలియక, తీసేస్తే మాత్రం లోటు తెలిసే చోట ఆపాలి. కలిపినప్పుడు అడుగు పలచబడినట్లు అనిపిస్తే రెండో ట్రాక్ పొలారిటీని తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూసి, ఏది నిండుగా ఉంటే దానిని ఉంచండి.

మీరు డోలక్ అన్నారు కాబట్టి మరొక మాట. డోలక్ ఎడమ వైపు మూత, తబలాలో డగ్గా, బేస్ ఉండే అడుగు ప్రాంతంలోనే పలుకుతాయి. పైగా అవి గమకంలా జారుతూ పలుకుతాయి. బేస్ కూడా అదే దెబ్బ మీద పొడవైన స్వరం పట్టుకుంటే రెండూ కలిసి బురద అవుతాయి. ఇంగ్లీషు పాఠాలలో డ్రమ్స్ కిక్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఈక్యూ సంఖ్యలు ఇక్కడ నేరుగా పనికిరావు. ఎడమ మూత జారే చోట బేస్ స్వరాన్ని చిన్నగా తుంచి వాయించండి. ఆ పని వాయిద్యంలోనే జరగాలి, మిక్సింగులో జరిగేది తక్కువ.

సమాధానం 3 (సింగరాయకొండ నుంచి)

హమ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా వృత్తి కరెంటు పని, సాయంత్రాలు బేస్ వాయిస్తాను.

మన కరెంటు 50 హెర్ట్జ్. మీ ‘ఇ’ తీగ మీద మూడో ఫ్రెట్‌లో ఉండే ‘జి’ 49 హెర్ట్జ్. కనుక హమ్‌ను ఈక్యూతో కోస్తే ఆ ‘జి’ స్వరం కూడా దానితో పోతుంది. గిటార్‌కో గొంతుకో అయితే కింద కోసి తప్పించుకోవచ్చు, బేస్‌కు ఆ వెసులుబాటు లేదు, హమ్ పుట్టే చోటే ఆపాలి.

ముందు బ్రిడ్జ్ పికప్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడండి. స్ప్లిట్ పికప్‌లో రెండు కాయిళ్లు ఎదురెదురు దిశలలో చుట్టి ఉంటాయి కాబట్టి హమ్ అక్కడ కొట్టుకుపోతుంది, సింగిల్ కాయిల్‌కు ఆ రక్షణ లేదు. బ్రిడ్జ్ పికప్ తగ్గించగానే హమ్ పోతే, అది గాలిలో నుంచి పట్టుకుంటున్నదే. కూర్చున్న చోటే పక్కకు తిరిగి చూడండి, ఏదో ఒక దిశలో బాగా తగ్గుతుంది. సాయంత్రం మాత్రమే వస్తున్నదంటే ఆ వేళకు గదిలో ఏవి వేస్తున్నారో ఒక్కొక్కటీ ఆపి చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే దోషి ఫ్యానుకు పెట్టిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు. అది కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి వేగం తగ్గిస్తుంది, ఆ కోత నుంచి జుయ్యిమనే శబ్దం పుడుతుంది. ఫ్యానును పూర్తి వేగంలో పెట్టినా, పూర్తిగా ఆపినా అది తగ్గుతుంది. మైకు లేకుండా రికార్డు చేస్తున్నారు కాబట్టి ఫ్యాను గాలి చప్పుడుతో మీకు పేచీ లేదు, పూర్తి వేగంలోనే ఉంచుకోండి.

తీగల మీద చేయి వేస్తే తగ్గి, చేయి తీస్తే పెరుగుతుంటే, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేసి చూడండి. తేడా కనిపిస్తే ఇంటి ఎర్త్ పరీక్షించవలసిందే. మన ప్రాంతంలో పాత ఇళ్లకు బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్త్ గుంతలు ఉంటాయి. రోహిణి కార్తె ఎండలకు ఆ నేల ఎండి ఎర్త్ బలహీనపడుతుంది, అందుకే వాటిలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఎంతమంది పోస్తున్నారో నాకు తెలుసు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: హమ్ తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరు చెప్పినా వినవద్దు. చేతిలో ఇనుప తీగలు పట్టుకుని కూర్చునే పని మనది, ప్రాణం పోతుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు (కావలి నుంచి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. పన్నెండు రోజులు ఒక్కొక్కటీ చేసి చూసి రాస్తున్నాను.

ఐదో ఫ్రెట్ ‘ఎ’ కూడా అంతే గుమ్మంది. మీటరులో మాత్రం ‘ఇ’కీ ‘ఎ’కీ ఒకటి రెండు డెసిబెల్స్‌కు మించి తేడా లేదు. సైన్ తరంగం పెట్టి నడిచినప్పుడు గది మధ్యలో ధ్వని నిజంగానే ఆగిపోయినట్లయింది. మా నాన్నగారిని పిలిచి నడిపిస్తే ఆయన స్పీకరు చెడిపోయిందనుకున్నారు. మంచం తీసేసి, కుర్చీని మీరు చెప్పిన దూరంలో వేసి, ఆ 8 డెసిబెల్స్ కోతను తొలగించాను. కారులో ఇప్పుడు ‘ఎ’ నిలబడింది. హై జెడ్ మీట నొక్కే ఉంది గానీ, వాల్యూమ్ నాబ్‌ను సగంలో ఉంచి వాయించడం నాకు అలవాటు, దానిని పూర్తిగా తెరిచాను. కొత్త తీగలు, ఒక హెడ్‌ఫోన్ కొన్నాను. మిగిలిన డబ్బు ఇంకా చేతిలోనే ఉంది.

హమ్ ఫ్యాను రెగ్యులేటరుదే. సాయంత్రం చల్లబడ్డాక నేను ఫ్యాను మూడు మీదకు తగ్గించేవాడిని. ఎర్త్ గుంత ఎక్కడ ఉందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వెతికితే తులసి కోట వెనుక దొరికింది, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించాను.

నెల్లూరు అన్నగారు చెప్పిన రెండో ట్రాక్ పద్ధతితో ఫోనులో బేస్ నడక మొదటిసారిగా విన్నాను. ఒక్క ఇబ్బంది మిగిలింది. కొత్త తీగల మీద వేళ్లు జారే కీచుమనే చప్పుడు, ఫ్రెట్ల టకటకలు డిస్టార్షన్ వల్ల పెద్దవై, గొంతు ఆగిన చోటల్లా బయటపడుతున్నాయి. దానికి ఏం చేయాలి?

సమాధానం 2 ఇచ్చినవారు (నెల్లూరు నుంచి)

డిస్టార్షన్ తరువాత ఆ రెండో ట్రాక్‌లో 2,500 హెర్ట్జ్‌కు పైన ఉన్నదంతా లో పాస్ ఫిల్టరుతో తీసేయండి. ఫోనులో స్వరాన్ని గుర్తుపట్టించే హార్మోనిక్స్ 200 నుంచి 1,500 మధ్యనే ఉంటాయి, పైన ఉన్నది ఎక్కువగా ఆ కీచులే. డిస్టార్షన్ ముందు కూడా ఒక లో పాస్‌ను 3,000 దగ్గర పెడితే, కీచు లోపలికి వెళ్లి పెద్దది కావడమే తగ్గుతుంది. అయినా మిగిలితే గొంతు ఆగిన ఆ రెండు మూడు చోట్ల రెండో ట్రాక్ వాల్యూమ్‌ను ఆటోమేషన్‌తో దించండి. తీగలు వారం పది రోజులు వాయించాక వాటంతట అవే కొంత మెత్తబడతాయి, క్రిస్మస్ పాట చివరి టేక్ అప్పుడు తీసుకోండి.